సాక్ష్యం చెప్పి ఏడాది తిరిగిందో లేదో, మోకాళ్లు వంగనంటున్నాయి. మీరెలా నిలబడ్డారు?

గుండ్లకమ్మ | 14 సెప్టెంబరు 2025, రాత్రి 11:52

అందరికీ వందనాలు. మూడేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ ఆదివారం. గుడికి వెళ్లకుండా ఇంట్లోనే ఉండిపోయాను. ఇప్పుడు నిద్ర పట్టక రాస్తున్నా.

నిరుడు జూన్‌లో హైదరాబాదులో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. కృతజ్ఞత కూటం పెట్టాం, సెల్లార్‌లో షామియానా, 120 మందికి బిర్యానీ. నేను లేచి, దేవుడు మాకు చేసిన మేలుల గురించి సాక్ష్యం చెప్పాను. మా నాన్న కూలిపని చేసి నన్ను చదివించిన సంగతి, ప్రమోషన్ వచ్చిన సంగతి, లోను చివరి నిమిషంలో శాంక్షనైన సంగతి, అన్నీ. ప్రతి మాటకీ ఆమెన్ పడింది. మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఈ మార్చిలో ఉద్యోగం పోయింది. మేలో నాన్నకి కిడ్నీలు పనిచేయట్లేదన్నారు. వారానికి మూడుసార్లు ఒంగోలులో డయాలసిస్. నెలకి 46 వేలు ఈఎంఐ.

కష్టాలు చెప్పుకోడానికి రాయట్లేదు, కష్టాలు లేనిదెవరికి! నా బాధల్లా ప్రార్థన రావట్లేదని. మోకరిస్తే గోడ కనపడుతుంది, అంతే. దేవుడి మీద కోపం కూడా రావట్లేదు. వస్తే నయం, అవతల ఎవరో ఉన్నట్టన్నా ఉండేది. రాత్రి కుటుంబ ప్రార్థనలో మా ఏడేళ్ల పాప "నాన్నా, నీ వంతు" అంటుంది. "అమ్మ చేస్తుందిలే" అని దాటేస్తున్నా.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికని బుట్టలోంచి తీసిన వాగ్దాన కార్డు ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. యిర్మీయా 29:11, మీ విషయమై నేను ఉద్దేశించింది మేలే గానీ హాని కాదన్న దేవుడి మాట. నీళ్ల సీసా తీసినప్పుడల్లా చెల్లని చెక్కులా కనపడుతోంది.

నిలకడగా ఉన్నవాళ్లు అసలు ఏం చేస్తున్నారో చెప్పండి. రెఫరెన్సులు నాకూ వచ్చు, సండే స్కూల్లో ప్రైజులు కొట్టినవాణ్ణే. రోజూ ఏం చేస్తారో, అది చెప్పండి.

---

విజయ_వాక్యం | 15 సెప్టెంబరు, ఉదయం 5:40

ప్రైజ్ ది లార్డ్ బ్రదర్! మీ పోస్టు చదివాను. ముందు ఆ మాటలు వెనక్కి తీసుకోండి. "ఉద్యోగం పోయింది", "ప్రార్థన రావట్లేదు" అని మీ నోటితో మీరే అనేసుకుంటున్నారు. జీవమరణములు నాలుక వశము అని సామెతలు 18లో ఉంది. "దీనికి రెట్టింపు జీతం నా కోసం సిద్ధమైపోయింది" అని పొద్దున లేవగానే ప్రకటించండి. 21 రోజులు ఉపవాసం పట్టండి. ఇంకొకటి, తప్పుగా అనుకోవద్దు, ఫ్లాట్ కొన్నాక దశమభాగం, రాబడిలో పదోవంతు, దేవుడికి సరిగ్గా ఇచ్చారా? దొంగకి, అంటే సాతానుకి, ఎక్కడ తలుపు తెరిచామో చూసుకోవాలి.

---

మిర్చి_పల్నాడు | 15 సెప్టెంబరు, ఉదయం 9:15

గుండ్లకమ్మా, నేను లూథరన్‌ని, పల్నాడులో కౌలుకి మిర్చి వేస్తా. ఎక్కువ చదువుకోలేదు. నా సంగతి చెప్తా విను.

2021లో అయిదెకరాలు పెట్టా. సంక్రాంతి ముందు పూత మీద నల్ల తామర పురుగు దిగింది. పూలల్లో చూస్తే నల్లగా చీమల్లా. ఏ మందు కొట్టినా చావలా. చెట్టుకి కాయ లేదు. మా ఊళ్లో దున్నేసినోళ్లు దున్నేశారు. ఆ ఏడు నేను ఒక్క ఆదివారం కూడా మానలేదయ్యా. ఎందుకంటే ఎటూ పోయేదానికి లేదు. గుడి ఒక్కటే అప్పులోళ్లు లోపలికి రాని చోటు.

2023లో పండింది, ధర కూడా వచ్చింది. క్వింటా ఇరవై వేలు దాటింది. ఆ ఏడు నేను గుళ్లో ఎన్ని ఆదివారాలు కూర్చున్నానో మా ఆవిడ లెక్క చెప్పింది. పదకొండు. ఒక ఆదివారం యార్డులో పని, ఒక ఆదివారం కోల్డ్ స్టోరేజీ, ఇంకో ఆదివారం బావమరిది బండి కొన్నాడని పార్టీ. దేవుణ్ణి కాదన్నానా అంటే లేదు. కొత్త బండి మీద "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని రాయించా కూడా.

ఈ ఏడు మళ్లీ ధర పడింది. కేంద్రం క్వింటాకి 11,781 అని కట్టింది, అది ఎంతమందికి అందిందో నీకూ తెలుసు. మళ్లీ గుళ్లో ముందు వరసలో కూర్చున్నా. మా పాస్టరు అయ్యగారు చూసి నవ్వారు. "ఏం ఏసోబూ, ధర తగ్గిందా?" అన్నారు. సిగ్గుతో చచ్చా. (ఏసోబు నా అసలు పేరు కాదులే.)

నువ్వు మార్చి నించి లెక్క చెప్తన్నావు. నేను అడిగేది నిరుడు జూన్ నించి మార్చి దాకా సంగతి. ఆ తొమ్మిది నెలలు ప్రార్థన ఎట్టా ఉంది? ఒకసారి చూసుకో. తప్పు పట్టడానికి కాదు, నాది కూడా అక్కడే తెగింది, అందుకని.

విజయ_వాక్యం గారూ, నల్ల తామరకి దశమభాగం ఇచ్చినోడి చేనూ ఇవ్వనోడి చేనూ తెలవదండీ. గట్టు అవతల చేను మా సంఘ పెద్దాయనది. ఆయనదీ పోయింది.

---

పాస్టరమ్మ_మెదక్ | 15 సెప్టెంబరు, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, మా ఆయన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పాస్టర్, రిటైరై ఆరేండ్లయింది. మెదక్ డయాసిస్‌ల ఏడు పాస్టరేట్లు తిరిగినం. సామాన్లు కట్టుడు, విప్పుడు, గిదే నా బతుకు.

నీ ఫ్రిజ్ మీది కార్డు సంగతి చెప్త. ఆ కార్డులు ఏండ్లకేండ్లు నేనే కత్తెరతోని కత్తిరించి బుట్టల ఏసిన. యిర్మీయా 29:11 ఎప్పుడూ ఎక్కువనే పెట్టేదాన్ని, అందరు సంతోషపడ్తరని. దాని మీది వచనం మాత్రం ఏనాడూ ఏ కార్డు మీద అచ్చెయ్యలే. పదో వచనం చూడు. బబులోనుల డెబ్బై ఏండ్లు అయినంక వస్తనని ఉంటది. అది చెరల ఉన్నోళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఇండ్లు కట్టుకోండ్రి, తోటలు నాటుకోండ్రి, పిల్లల పెండ్లిళ్లు చేయండ్రి, మీరున్న పట్నం క్షేమం కోసం ప్రార్థన చేయండ్రి అని ముందే చెప్పిండు. రెండేండ్లల్ల అందరం ఇంటికి పోతం అని చెప్పిన హనన్యా అనే ప్రవక్త అప్పటికే ఒకడున్నడు, దాని ముందటి అధ్యాయంల. జనానికి ఆయన మాటే తియ్యగ అనిపించి ఉంటది.

అంటే నీ కార్డు చెల్లని చెక్కు కాదు బిడ్డా. దాని మీద తారీఖు మనం చూడలే.

ఇంగ మిర్చి తమ్ముడు బండి మీద రాయించిన మాట. ఫిలిప్పీ 4:13 ఆటోల మీద, కార్ల మీద, పరీక్ష అట్టల మీద అంతట ఉంటది. దాని ముందటి పన్నెండో వచనం యాడ ఉండదు. "దీనస్థితిలో ఉండ నెరుగుదును, సంపన్నస్థితిలో ఉండ నెరుగుదును." జైల్ల కూసొని రాసిండు పౌలు. సమస్తం చేయగలనంటే గీ రెండూ చేయగలనని. సంపన్నస్థితిల ఉండుడు గూడ నేర్చుకోవాల్సిన పనే అని ఆయన లెక్క.

నువ్వడిగింది రోజూ ఏం చేస్తరని గద. నేను పొద్దుగాల చాయ్ పొయ్యి మీద పెట్టి ఒక కీర్తన చదువుత. మనసుంటే చదువుత, లేకుంటే గూడ చదువుత. చాయ్ పొంగేలోపు అయిపోవాలె. మా పెద్దోడు కాలం చేసిన ఏడాది 88వ కీర్తన ఒక్కటే చదివిన, నెలలకు నెలలు. శానా విలాప కీర్తనలల్ల ఆఖరికి ఏదో ఒక స్తుతి ఉంటది. దాంట్ల ఉండదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతది. అట్ల ఆగిపోయినదాన్ని గూడ బైబిల్ల పెట్టిండ్రు గదా అని, అదొక్కటే నాకు ఆసరా.

---

మాజీ_గాయకుడు | 15 సెప్టెంబరు, సాయంత్రం 6:05

నేను పద్నాలుగేళ్లు క్వయర్‌లో పాడాను. ఇప్పుడు వెళ్లడం లేదు. అయినా ఈ వేదిక చదువుతుంటాను, అలవాటు. నన్ను తిట్టినా పర్వాలేదు, ఒక మాట అడుగుతా.

పంట పండితే దేవుడి దయ. ఎండితే దేవుడి పరీక్ష. ఉద్యోగం వస్తే వాగ్దానం, పోతే మనం తారీఖు చూసుకోలేదు. ఏం జరిగినా ఆయనే ఒప్పు అయినప్పుడు, దాన్ని విశ్వాసం అనాలా, మొండితనం అనాలా? అక్క మీద గౌరవంతోనే అడుగుతున్నాను.

గుండ్లకమ్మ అన్నా, మీరన్న "గోడ కనపడుతుంది" అన్న మాట నాకు బాగా తెలుసు. నేను ఆ గోడ చూసి చూసి లేచి వచ్చేశాను.

---

నిర్వాహకుడు | 15 సెప్టెంబరు, రాత్రి 8:20

రెండు పోస్టులు తీసేశాను. ఒకదాంట్లో ఫోన్‌పే నంబరు, ఇంకోదాంట్లో ఒక బోధకుడి పేరు పెట్టి తిట్లు. రెండూ ఇక్కడ కుదరవు. మాజీ_గాయకుడు గారిని "బ్యాక్‌స్లైడర్" (విశ్వాసం నుంచి జారిపోయినవాడు) అన్న వ్యాఖ్య కూడా తొలగించాను. ఆయన అడిగింది సరైన ప్రశ్న. జవాబు ఉంటే చెప్పండి, లేకపోతే ఊరుకోండి.

---

గుండ్లకమ్మ | 15 సెప్టెంబరు, రాత్రి 10:47

ఏసోబన్నా (అదే పేరుతో పిలుస్తా), మీరడిగింది చూశాను. సరదాకి బైబిల్ యాప్ తెరిచా. అందులో ఏ రోజు చదివామో గుర్తులు పడతాయి. నిరుడు జూలై 19 దాకా రోజూ ఉంది. ఆ తర్వాత వారానికి రెండు, ఆపైన ఒకటి. అక్టోబరు నుంచి ఖాళీ. ఉద్యోగం పోయింది మార్చిలో.

అంటే నా ప్రార్థనని కష్టం చంపలేదు. కష్టం వచ్చి చూసేసరికే అది చచ్చి అయిదు నెలలైంది. కొత్త టీవీ, కొత్త సోఫా, ఆదివారం పొద్దున్నే ఇంటీరియర్ వాళ్లతో గొడవ. పాత చర్చికి పద్దెనిమిది కిలోమీటర్లు, ఆన్‌లైన్‌లో చూద్దాంలే అనుకోవడం. పోపు పెడుతూ సగం, ఫోన్‌లో మాట్లాడుతూ సగం.

ఇంకో సంగతి. నా పేరు గుండ్లకమ్మ ఎందుకని ఇన్‌బాక్సులో ఒకరడిగారు. మా నాయనమ్మ చెప్పేది. ధాత కరువులో, అంటే 1876-78లో, ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో కొంత తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని మనవాళ్లకి పని ఇప్పించాడు. ఆయన ఇంజినీరింగు పని తెలిసినవాడు. కూలి, గంజి, పక్కనే సువార్త. జనం బాప్తిస్మం అడిగితే ఇవ్వలేదట. కరువు పోయేదాకా ఆపేశాడు. గంజి కోసం వచ్చారని రేపు ఎవరూ అనకూడదని. సాయం పంచడం అయిపోయాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. మా తాత తాత అందులో ఉన్నాడని నాయనమ్మ ధీమా. రుజువేమీ లేదు, మా వైపు ప్రతి ఇంట్లో ఒకడు అందులో ఉంటాడు.

చిన్నప్పుడు అది గొప్పగా ఉండేది. ఇప్పుడు భయంగా ఉంది. వాళ్లు గంజి ఆగాక నీళ్లలో దిగారు. నేను కడుపు నిండగానే ఒడ్డుకొచ్చేశాను. నాది బియ్యం విశ్వాసమేనా?

---

మాజీ_గాయకుడు | 15 సెప్టెంబరు, రాత్రి 11:10

బియ్యం కాదన్నా, ప్యాకేజీ విశ్వాసం. (జోక్ చేశా. ఏమనుకోకండి. పోస్టు బాగుంది.)

---

లొయోలా_94 | 16 సెప్టెంబరు, ఉదయం 7:30

నేను కథోలికుణ్ణి, బెజవాడ. ఏటా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకి కొండెక్కే బాపతు. మీలో కొందరికి మేమంటే అనుమానం, తెలుసు. అయినా మా కాలేజీలో ఒక ఫాదర్ నేర్పిన మాట ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నా.

ఇగ్నేషియస్ లొయోలా, జెస్యూట్ ఫాదర్ల సభని స్థాపించినాయన, మొదట్లో సైనికుడు. 1521లో పంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచంలో ఉండి తన మనసు ఎప్పుడు ఎగురుతోందో ఎప్పుడు కుంగుతోందో గమనించాడు. తర్వాత దాని మీదే నియమాలు రాశాడు. ఆయన లెక్కలో మనసుకి రెండు కాలాలు. ఊట ఊరే కాలం, ఎండిపోయే కాలం. రెండూ అందరికీ వస్తాయి, పుణ్యాత్ములకి కూడా.

ఎండిన కాలంలో, ఊట ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాల్ని మార్చొద్దంటాడు. గుడి మార్చొద్దు, మానొద్దు, "నాకు విశ్వాసం లేదు" అని తీర్పూ రాసుకోవద్దు. మసక వెలుతుర్లో లెక్కలు సరిచూసుకోకూడదు కదా, అలాగ. పైగా ప్రార్థనకి గంట అనుకుంటే, ఆ రోజు గంట మీద ఇంకాస్త కూర్చోమంటాడు. ఈ మొండితనం నాకు నచ్చుతుంది.

ఊట ఉన్న కాలానికీ ఒక నియమం ఉంది, దాన్నెవరూ పట్టించుకోరు. సంతోషంగా ఉన్నప్పుడు రాబోయే ఎండని తలుచుకుని బలం దాచుకో, ఆ సంతోషం నీ గొప్ప కాదని గుర్తుంచుకో అంటాడు. మిర్చి రైతుకి దీన్ని నేను వివరించక్కర్లేదు.

---

డాలస్_రూతు | 16 సెప్టెంబరు, ఉదయం 9:02

నాది వేరే బాధ. అడగొచ్చో లేదో తెలీదు.

మార్చిలో హెచ్1బీ లాటరీలో నా పేరు వచ్చింది. అమ్మ ఖమ్మంలో మూడు రోజులు ఉపవాసం ఉంది. మా తెలుగు ఫెలోషిప్‌లో అందరూ "సిస్టర్, ఆదివారం సాక్ష్యం" అన్నారు. నా రూమ్మేట్‌కి మూడోసారి కూడా రాలేదు. మేమిద్దరం రోజూ రాత్రి కలిసే ప్రార్థన చేసేవాళ్లం, ఒకే కార్పెట్ మీద, ఒకే మాటలతో. తనకి వీసా టైం అయిపోయింది. జూలైలో ఇండియా వెళ్లిపోయింది.

తను రెండో వరసలో కూర్చుని ఉండగా నేను మైకు పట్టుకుని "దేవుడు నా ప్రార్థన విన్నాడు" అని ఎలా అనగలను? వింటే ఇద్దరిదీ విని ఉండాలి. కంప్యూటర్ తీసిన లాటరీ అది. గొంతు బాలేదని చెప్పి తప్పించుకున్నా. అప్పటి నుంచి థాంక్స్ చెప్పాలంటే దొంగతనం చేసినట్టుంది. బాధలో ఉన్నవాళ్లకి బోలెడు వాక్యాలున్నాయి. నాలాంటి వాళ్లకేం ఉంది?

---

విజయ_వాక్యం | 16 సెప్టెంబరు, ఉదయం 9:40

సిస్టర్, సాక్ష్యం దాచడం ఆశీర్వాదాన్ని దాచడమే. మీ రూమ్మేట్‌కి దేవుడు ఇంకా శ్రేష్ఠమైనది ఉంచాడు.

---

డాలస్_రూతు | 16 సెప్టెంబరు, ఉదయం 9:44

ఆ మాట తనతో మీరే చెప్పండి. నేను చెప్పలేను. ఎయిర్‌పోర్టులో తన సూట్‌కేసు నేనే తూకం వేశాను.

---

పాస్టరమ్మ_మెదక్ | 16 సెప్టెంబరు, సాయంత్రం 4:15

రూతమ్మా, నువ్వు మైకు పట్టకపోవుడే నయమైంది. కానీ కృతజ్ఞత వేరు, మైకు వేరు.

మా దిక్కు కోత పండుగ ఉంటది. వడ్లు, కోడిపుంజులు, గుమ్మడికాయలు, ఎవరికి పండింది వాళ్లు తెచ్చి గుళ్ల పెడ్తరు, తర్వాత వేలం. ఒక ఏడు వానలు లేవు. ఒక పెద్దమ్మ, పొలం లేదు, మొగుడు లేడు, ఒక్క కోడిగుడ్డు తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన పటేల్ గారి పదిబస్తాల వడ్లున్నయి, బోరు పొలం ఆయనది. వేలంల ఆ గుడ్డును 340 రూపాయలకు పాడిండ్రు. పాడింది పటేలే. పాడి మళ్ల ఆమె చేతికే ఇచ్చిండు. ఆయన ఆ దినం సాక్ష్యం చెప్పలే. చెప్పుమన్నా "నాది బోరు నీళ్లమ్మా, ఏం చెప్పాలె" అన్నడు.

నీకు వచ్చిందాన్ని దాచుకోకు, డప్పు కొట్టకు. ఆ పిల్లకు వారానికి ఒకసారి ఫోన్ చేయి. ఈడ ఉద్యోగం దొరికేదాంక ఖర్చుకు పంపు.

గాయకుడు తమ్మీ, నీ ప్రశ్న నిన్నటి సంది నా తలల తిరుగుతున్నది. దానికి నా దగ్గర గెలిచే జవాబు లేదు. మా పెద్దోడు పోయినప్పుడు గిదే ప్రశ్న నేను మా ఆయనను అడిగిన. ఆయన ముప్పై ఏండ్లు ప్రసంగాలు చెప్పినోడు. "తెల్వదు" అన్నడు. అని నా పక్కన కూసున్నడు. యోబు దోస్తులు మొదటి ఏడు దినాలు మాట్లాడకుండ కూసున్నంత సేపు మంచిగనే ఉన్నరు. నోరు తెరిచినంకనే ఖరాబయింది. ఆఖరికి దేవుడు కోపం చేసింది యోబు మీద కాదు, అన్నిటికి జవాబు చెప్పినోళ్ల మీద.

---

మాజీ_గాయకుడు | 16 సెప్టెంబరు, రాత్రి 9:30

"తెల్వదు" అన్న పాస్టర్ నాకు దొరికి ఉంటే బాగుండేదక్కా. మా నాన్న పోయినప్పుడు ఆదరణ కూటంలో నలభై నిమిషాలు జవాబు చెప్పారు.

---

కువైట్_పిచ్చుక | 19 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:20

అందరికీ వందనాలండి. నేను నోటితో చెప్తుంటే ఫోన్ రాస్తుందండి, తప్పులుంటే సర్దుకోండి. మాది తూర్పు గోదావరండి. ఖద్దామా వీసా (ఇంటిపని వీసా) మీద వచ్చి తొమ్మిదేళ్లు. ఇవాళ శుక్రవారం కదండి, ఇక్కడ మాకు శుక్రవారమే ఆరాధన. కువైట్ సిటీలో ఎవాంజెలికల్ చర్చి కాంపౌండు ఉందండి, ఒక్కో హాల్లో ఒక్కో భాష. మనోళ్ల పాట అయ్యేసరికి పక్క హాల్లో మలయాళం వాళ్ల పాట మొదలవుద్ది. ఇప్పుడే ఆరాధన అయ్యిందండి, బస్సు కోసం చూస్తా చెప్తున్నా.

మొదట పనిలో పడ్డ ఇంట్లో నన్ను పద్నాలుగు నెలలు గడప దాటనివ్వలేదండి. ఫోన్ కూడా రాత్రి పడుకునే ముందు అరగంటే. ప్రార్థన మాటే లేదండి, పడుకుంటే శవంలాగ పడుకోడమే. మా ఆయన పోయిన దుఃఖం, పిల్లలు అమ్మ దగ్గర. దేవుడున్నాడా లేడా అని ఆలోచించే ఓపిక కూడా లేదండి.

మా ఊరోళ్లు నలుగురు ఆడోళ్లు ఇక్కడే వేరే ఇళ్లల్లో ఉండేవోరు. రోజూ ఒకళ్లు వాయిస్ మెసేజ్ పెట్టేవోరండి. రెండు నిమిషాలు. ఒక వాక్యం చదివి, నా పేరు చెప్పి, నా పిల్లల పేర్లు చెప్పి ప్రార్థన చేసేవోరు. నేను బాత్రూంలో కుళాయి తిప్పేసి వినేదాన్ని. నేనేమీ తిరిగి పెట్టేదాన్ని కాదండి. "ఆమెన్" కూడా పెట్టలేదు. అయినా మానలేదండి వాళ్లు. పద్నాలుగు నెలలు.

మార్కులో పక్షవాయువు వాడి కథ ఉంది కదండి, నలుగురు మోసుకొచ్చి పైకప్పు ఊడదీసి దింపుతారు. అక్కడ "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంటదండి. మంచం మీదోడికి విశ్వాసం ఉందో లేదో అక్కడ రాయలేదు. నాకప్పుడు ఉందో లేదో నాకే తెలీదండి. ఆళ్లకి ఉంది. ఆళ్లే మోశారు.

ఇంకోటి కూడా చెప్పేత్తానండి, సిగ్గు లేకుండా. తర్వాత మంచి ఇంట్లో పడ్డాను. జీతం పెరిగింది. ఊళ్లో డాబా వేశాను. సెలవుకెళ్లి మా అక్కతో ఆ డాబా గోడ గురించి పోట్లాడి రెండేళ్లు మాటల్లేవండి. ఆ రెండేళ్లూ గుళ్లో పాటలు నేనే ఎత్తేదాన్ని, గట్టిగా. పిచ్చిదాన్ని.

గుండ్లకమ్మ తమ్ముడూ, నీకు మోయడానికి ఎవరన్నా ఉన్నారా? ఆన్‌లైన్ చర్చి మంచం మొయ్యదండి.

బస్సొచ్చేసింది.

---

మిర్చి_పల్నాడు | 19 సెప్టెంబరు, రాత్రి 8:10

అమ్మా, బండి మీద రాయించింది చెరిపేస్తా. చెరపడానికి కూడా డబ్బులు అడుగుతన్నాడు వాడు.

---

లొయోలా_94 | 19 సెప్టెంబరు, రాత్రి 9:00

ఉంచెయ్యండి. పైన పన్నెండో వచనం రాయించండి.

---

గుండ్లకమ్మ | 28 సెప్టెంబరు 2025, రాత్రి 10:35

ఆలస్యంగా వచ్చా, క్షమించండి. రెండు ఇంటర్వ్యూలు అయ్యాయి, ఒకటి పోయింది, ఒకటి చెప్తామన్నారు. పోయిన వారమంతా ఒంగోలులోనే ఉన్నా.

ఆ పాత చర్చికే వెళ్లాను, పద్దెనిమిది కిలోమీటర్లు. నాతో కూటంలో ఆమెన్ కొట్టిన వాళ్లందరూ ఉన్నారు. ఏం అడుగుతారో అని బెదురు. చివర వరసలో కూర్చున్నా. ఏమీ అనిపించలేదు. పాటలప్పుడు పెదాలు కదిపానంతే. ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన భుజం తట్టి, "జంపఖానాలు చుట్టాలి, అటు కొస పట్టుకో" అన్నారు. పన్నెండు జంపఖానాలు చుట్టాం. ఉద్యోగం గురించి అడగలేదు. చివర్న మాత్రం "బుధవారం ఉపవాస ప్రార్థన మీ ఇంట్లో పెడదామా, టీ చాలు" అన్నారు. సరే అన్నా. ఎందుకన్నానో తెలీదు.

ఒంగోలులో నాన్న డయాలసిస్ మంచం పక్కన నాలుగు గంటలు కూర్చోవాలి. ఆయన నీళ్లు తక్కువ తాగాలని డాక్టర్ల మాట. ఒక రోజు అడిగాను, "నాన్నా, ఈ నాలుగు గంటలూ ప్రార్థన చేసుకుంటావా?" అని. "మొదటి పావుగంట చేస్తాన్రా. తర్వాత నిద్రొస్తది. ఆయన పక్కనే ఉన్నాడులే అని పడుకుంటా" అన్నాడు. అక్కడున్న నర్సు నవ్వింది. నేను నవ్వలేదు గానీ, ఆ మాట ఇంకా చెవిలో ఉంది.

గాయకుడూ, మీ ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు. మీ ఊరు హైదరాబాదే అయితే బుధవారం టీకి రండి. పాడక్కర్లేదు.

నిన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో పాప మళ్లీ "నాన్నా, నీ వంతు" అంది. మా ఆవిడ నా వంక చూసింది. "ప్రభువా, తాతయ్య నీళ్లు తక్కువ తాగేలా చూడు. ఆమెన్" అన్నాను.

"అంతేనా?" అంది పాప.

"అంతే" అన్నా.

---

కువైట్_పిచ్చుక | 29 సెప్టెంబరు, తెల్లవారుజాము 4:50

తాతయ్యగారి పేరు చెప్పండి తమ్ముడూ. ఇక్కడ మేం నలుగురం ఉన్నాం.

---

మాజీ_గాయకుడు | 29 సెప్టెంబరు, ఉదయం 8:15

బుధవారం ఎన్నింటికి?